104 ఏళ్లు బతికిన గాయకుడు, మన గొంతులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత నెల ఈ శీర్షికలో ఒకరి ప్రశ్నకు జవాబిస్తూ జార్జ్ బెవర్లీ షే పేరెత్తాం. అమెరికా సువార్తికుడు బిల్లీ గ్రాహం సభల్లో దాదాపు అరవై ఏళ్లు పాడిన గాయకుడనీ, 104 ఏళ్లు బతికారనీ ఒక్క వాక్యం రాశాం. దానికి వచ్చిన ఉత్తరాల్లో సగం ఆయన గురించి అడిగినవి, మిగతా సగం "మా గొంతు సంగతేమిటి" అని అడిగినవి. రెండు రకాలనూ కలిపే ఇస్తున్నాం.

ప్రశ్న: అంత వయసులోనూ ఆయన నిజంగా పాడారా? లేక పేరుకు వేదిక మీద కూర్చోబెట్టేవారా? గిన్నెస్ పుస్తకంలో 22 కోట్ల మంది ముందు పాడినట్టు ఉందంటారు, నమ్మవచ్చా? (పాఠకుడు, నరసాపురం)

పాడారు. ఆయన 1909 ఫిబ్రవరి 1న కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, వించెస్టర్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి వెస్లియన్ మెథడిస్టు పాస్టరు. 1947లో షార్లెట్ నగరంలో గ్రాహం సభలో పాడారు. 2005 జూన్‌లో న్యూయార్క్‌లో గ్రాహం చివరి పెద్ద సభ జరిగింది. అక్కడా పాడారు, అప్పటికి వయసు 96. 2013 ఏప్రిల్ 16న నార్త్ కరోలినాలోని ఆష్‌విల్‌లో కన్నుమూశారు. 1965 సంవత్సరానికి ఒక గ్రామీ బహుమతి వచ్చింది. 2011లో, 102 ఏళ్లు నిండాక, జీవిత సాఫల్య గ్రామీ అందుకున్నారు.

అన్నేళ్లు ఎలా సాగిందో తెలియాలంటే ఆ సభల్లో పని ఎలా పంచుకున్నారో చూడాలి. వేలమందితో పాడించడం, కోయిర్‌ను నడపడం క్లిఫ్ బారోస్ పని. షే వంతు సాధారణంగా ప్రసంగానికి కాస్త ముందు ఒక్క సోలో పాట. అదీ నెమ్మదిగా, మైకుకు దగ్గరగా, మాట స్పష్టంగా. ఆయనది లోతైన బేస్ బారిటోన్ గొంతు. రేడియోలో పెరిగినవాడు కాబట్టి అరిచి పాడే అలవాటు లేదు. ఎక్కువేళ్లు నిలవడానికి వంశం, అదృష్టం ఎంత కారణమో ఎవరూ తేల్చలేరు. కానీ రోజుకో పాట, తన శృతిలో, మైకును నమ్ముకుని పాడే మనిషి గొంతు ఒక ఎత్తు. మూడు గంటల ఆరాధనను ఒంటిచేత్తో లాగే మన పాటల నాయకుడి గొంతు ఇంకో ఎత్తు. ఈ రెండోది త్వరగా అరిగిపోతే ఆశ్చర్యం లేదు.

22 కోట్ల సంగతి: అది ఆయన పాడిన సభల హాజరును ఏళ్ల తరబడి కూడిన అంచనా. పది రోజులూ వచ్చిన మనిషి పదిసార్లు లెక్కలోకి వస్తాడు. అలా తీసుకుంటే సరే. అంతమంది వేర్వేరు మనుషులని చదువుకోకండి.

ప్రశ్న: ఆయన సినిమా అవకాశం, కోట్ల రూపాయలు వదులుకుని "ఐడ్ రాదర్ హ్యావ్ జీసస్" రాశారని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా? (పాఠకురాలు, గుంటూరు)

మూడు తప్పులున్నాయండీ. మొదటిది, పాట మాటలు ఆయనవి కావు. రియా మిల్లర్ అనే ఆవిడ 1922లో రాసిన కవిత అది. షే కట్టింది బాణీ, అదీ 23 ఏళ్ల వయసులో. తల్లి తనకు నచ్చిన కవితలు కొడుకు కంటబడేలా పియానో మీద పెట్టేది. ఒక ఆదివారం సాధనకు కూర్చుని ఈ కవిత చదివి, అక్కడికక్కడే రాగం కట్టి, ఆ రోజే చర్చిలో పాడారు.

రెండోది, సినిమా కాదు, రేడియో. మూడోది, కోట్లూ లేవు. ఆర్థిక మాంద్యం దెబ్బకు హౌటన్ కాలేజీలో ఏడాదికే చదువు ఆపేసి, న్యూయార్క్‌లో ఒక జీవిత బీమా కంపెనీలో గుమస్తాగా చేరారు. సుమారు తొమ్మిదేళ్లు అదే ఉద్యోగం. మధ్యలో ఫ్రెడ్ అలెన్ రేడియో కార్యక్రమంలో కొత్త గాయకుల పోటీకి వెళ్తే రెండో స్థానం, 15 డాలర్లు వచ్చాయి. మొదటి బహుమతి గొంతును ఎగరేస్తూ దించుతూ యోడెలింగ్ చేసినాయనకు! ఆ తర్వాత రేడియోలో లౌకిక గీతాలు పాడే ఒక బృందంలో స్థానం ఇస్తామన్నారు. ఆయన వద్దన్నారు. వదులుకున్నది అదీ. గుమస్తాకు అది చిన్నదేం కాదు, దాన్ని కోట్లకు పెంచాల్సిన అవసరమూ లేదు.

1938లో షికాగో వెళ్లి మూడీ బైబిల్ ఇన్‌స్టిట్యూట్ రేడియోలో చేరారు. 1944లో రెండు సంగతులు జరిగాయి. అప్పటికి ఎవరికీ తెలియని కుర్ర పాస్టరు గ్రాహం తన రాత్రి రేడియో కార్యక్రమంలో పాడమని వచ్చి అడిగాడు. "క్లబ్ టైమ్" అనే కీర్తనల కార్యక్రమమూ ఆ ఏడాదే మొదలైంది. దానికి డబ్బు పెట్టింది అల్యూమినియం గిన్నెల కంపెనీ యజమాని హెర్బర్ట్ టేలర్. మన ఊళ్లలో రోటరీ క్లబ్బు గోడల మీద కనబడే నాలుగు ప్రశ్నల పరీక్ష రాసిందీ ఈ టేలరే.

ప్రశ్న: "హౌ గ్రేట్ దౌ ఆర్ట్" రాసింది షేనా? రష్యా పాట అని ఒకరు, స్వీడన్ పాట అని ఒకరు అంటున్నారు. (పాఠకుడు, ఖమ్మం)

ఇద్దరిదీ కొంత కొంత నిజం. షే మాత్రం రాయలేదు. 1885లో స్వీడన్‌లో కార్ల్ బోబెర్గ్ ఒక కవిత రాశారు. దానికి అక్కడి జానపద బాణీ కుదిరింది. స్వీడిష్ నుంచి జర్మన్‌లోకి, జర్మన్ నుంచి 1912లో రష్యన్‌లోకి వెళ్లింది. స్టువర్ట్ హైన్ అనే ఇంగ్లీషు మిషనరీ కార్పేతియన్ కొండల ప్రాంతంలో ఈ రష్యన్ పాట విని, తన అనుభవాలు కలుపుకుంటూ ఇంగ్లీషులో అల్లారు. పూర్తి పాట 1949లో అచ్చయింది. అంటే ఇంగ్లీషు పాట నేరుగా బోబెర్గ్ కవితకు అనువాదం కాదు, మూడు భాషలు దాటి వచ్చి సగం కొత్తగా పుట్టినది.

1954లో లండన్ హారింగే అరీనాలో గ్రాహం సభలు జరుగుతున్నప్పుడు, ఒక ప్రచురణ సంస్థకు చెందిన ఆండ్రూ గ్రే ఈ పాట ఉన్న నాలుగు పేజీల కరపత్రం ఇచ్చారు. మాటలు ఇంగ్లీషులోనూ రష్యన్‌లోనూ ఉన్నాయి. షే దాన్ని 1955లో టొరంటో సభల్లో పాడారు. 1957లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 16 వారాల సభలు జరిగాయి. షే చరణం, కోయిర్ పల్లవి. ఆ వేసవిలో వంద దాకా సార్లు పాడారు. పాట ప్రపంచానికి పాకింది అక్కడి నుంచే. పాడటంలో రెండు మాటలు మార్చినందుకు కూడా ఆయన పేరు చెబుతారు: "వర్క్స్" బదులు "వరల్డ్స్", "మైటీ" బదులు "రోలింగ్". ఈ రోజు మనం వింటున్నది ఎక్కువగా ఆ మార్చిన పాఠమే.

చాలామందికి తెలియని దారి ఇంకొకటుంది, అది మన దేశం మీదుగా వెళ్లింది. అదే 1954లో మహారాష్ట్రలోని దేవలాలీలో నాగా విశ్వాసుల బృందం ఈ పాట పాడుతుంటే ఎడ్విన్ ఆర్ అనే సువార్తికుడు విన్నారు. ఆయన దాన్ని కాలిఫోర్నియాలో ఒక సదస్సుకు పట్టుకెళ్లారు. అమెరికాలో ఒక ప్రచురణకర్త చేతికి చేరింది అలాగే.

ప్రశ్న: ఆ పాటను తెలుగు చేసి, రికార్డు చేసి, యూట్యూబ్‌లో పెట్టాలనుకుంటున్నాం. చిక్కులేమైనా ఉంటాయా? (యువజన సంఘం, కాకినాడ)

ఉంటాయి. మన కాపీరైటు చట్టంలో రచయిత చనిపోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు హక్కు ఉంటుంది. హైన్ 1989లో పోయారు, అంటే ఆయన ఇంగ్లీషు మాటలకు 2049 చివరి దాకా రక్షణ. వాటిని తెలుగు చేయాలన్నా, రికార్డు చేసి పెట్టాలన్నా హక్కుదారుల అనుమతి తీసుకోవాలి. హైన్ మాటల హక్కులు ఆయన పేరిట ఉన్న ట్రస్టువి. బోబెర్గ్ 1940లో పోయారు, కాబట్టి స్వీడిష్ మూలానికి మన దేశంలో హక్కు తీరిపోయింది. స్వీడిష్ తెలిసినవారి చేత పదానికి పదం అర్థం రాయించుకుని, దాని మీద మీ తెలుగు అల్లుకుంటే మాటల చిక్కు ఉండదు. కానీ మధ్యలో హైన్ సొంతంగా చేర్చిన భావాలు దొంగచాటుగా జొరబడతాయి, ముఖ్యంగా సిలువ గురించిన చరణం. అది ఆయనది. బాణీ జానపదమే అయినా దాని మీద ఒకరు చేసిన కోయిర్ అమరిక వాళ్లది, దాన్ని నకలు కొట్టకండి. ఇప్పటికే ఎవరో చేసిన తెలుగు మాటలు తీసుకుంటే ఆ అనువాదకుడినీ అడగాలి.

ఆరాధనలో పాడటం వేరు. నిజమైన మతపరమైన కార్యక్రమంలో పాడితే ఉల్లంఘన కాదని చట్టమే చెబుతోంది. ఆ మినహాయింపు ఆల్బమ్ రికార్డింగుకు వర్తించదు.

ప్రశ్న: తెలుగులో అలా పెద్ద వయసు దాకా కీర్తనల సేవ చేసినవారున్నారా? (పాఠకుడు, శ్రీకాకుళం)

మీ జిల్లాతో ముడిపడిన మనిషే ఉన్నారు. పురుషోత్తమ చౌధరి, 1803లో పుట్టి 1890లో పోయారు, దాదాపు 87 ఏళ్లు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటల కింద ఆయన పేరు పదేపదే కనబడుతుంది. గాయకుడిగా కన్నా కవిగా, బోధకుడిగా ఆయనది పెద్ద పీట.

ప్రశ్న: నా వయసు 67. నలభై ఏళ్లుగా 2½ కట్టె శృతిలో (కీబోర్డు మీద డి షార్ప్) పాడుతున్నాను. రెండేళ్లుగా చరణం పైకి వెళ్లగానే గొంతు వణుకుతోంది, గాలి చాలడం లేదు. శృతి దించమంటే సంఘంలో పాట జీవం పోతుందంటున్నారు. (పాఠకుడు, రాజమహేంద్రవరం)

దించండి. జీవం పోయేది శృతి దించినందుకు కాదు, అందని స్వరం కోసం అరిచినందుకు.

వయసుతో స్వరతంత్రులు పలచబడతాయి. రెండూ పూర్తిగా ఆనక మధ్యలో సన్నని సందు మిగులుతుంది. గాలి అందులోంచి ఊరికే పోతుంది. మీకు గాలి చాలకపోవడానికి ఊపిరితిత్తుల కన్నా తరచు ఈ సందే కారణం. పక్కటెముకలు బిగుసుకోవడం దానికి తోడు. కంపనం నెమ్మదై, వెడల్పై, వణుకులా వినబడుతుంది. దాన్ని అణచాలని గొంతు బిగిస్తే ఇంకా పెరుగుతుంది.

శృతి ఎంత దించాలో చెవితో కాదు, కీబోర్డుతో తేల్చుకోండి. ఉదయం పది నిమిషాలు మూసిన నోటితో "మ్‌" అంటూ గొంతు వేడి చేశాక, "ఆ" మీద మెల్లగా, గట్టిగా కాదు, ఐదు సెకన్లు నిలపగలిగిన అత్యంత పై స్వరం ఏదో చూసి రాసుకోండి. మూడు రోజులు అలా చూసి, వాటిలో తక్కువది తీసుకోండి. మీ పాటలోని అతి పై స్వరం దానికి కనీసం రెండు మెట్లు, అంటే నల్లవీ తెల్లవీ కలిపి రెండు కీలు, కిందే ఉండాలి. మీ లెక్కన బహుశా 1½ కట్టెకో 1 కట్టెకో వస్తారు. ఒకేసారి దూకొద్దు. ఒక మెట్టు దించి రెండు వారాలు పాడి, తర్వాత ఇంకో మెట్టు. పల్లవిలోని అడుగు స్వరం గాలిగా మారిపోతోందంటే ఎక్కువ దించేశారన్నమాట.

వాయిద్యాల దగ్గర గొడవ ఇక్కడే మొదలవుతుంది. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి మైనస్ 2 పెడితే సరి. కానీ తర్వాతి పాటకు దాన్ని సున్నాకు తేవడం మరిచిపోతారు. బటన్ పక్కన చిన్న కాగితం అంటించి, ఏ పాటకు ఎంతో రాసి పెట్టండి. స్కేల్ చేంజర్ హార్మోనియమ్‌లో మెట్ల పలకను ఎత్తి పక్కకు జరిపితే చాలు. మామూలు హార్మోనియమ్‌లో వాయించేవారు వేళ్లు మార్చి నేర్చుకోవాల్సిందే. వాళ్ల విసుగుకు అసలు కారణం తరచు అదే, పాట జీవం కాదు! తబలా ఒకటి రెండు మెట్ల వరకు చెక్కముక్కలు సర్ది, అంచు మీద సుత్తితో తట్టి దించవచ్చు. అంతకు మించితే చర్మం వదులై చప్పగా మోగుతుంది. వెడల్పు మూతి ఉన్న కుడి తబలా కావాలి.

సంఘం ఇబ్బంది కూడా నిజమే. మీ శృతి మరీ దిగితే మిగతావాళ్లకు పల్లవి అడుక్కి పోతుంది. అందుకే శృతిని పల్లవిని బట్టి సంఘానికి తగినట్టు పెట్టి, పైకి వెళ్లే చరణం ఇంకొకరికి ఇవ్వండి. అందరూ కలిసి పాడే పాటకు ఇదే మేలు. సోలో అయితే మీ శృతే చట్టం.

లయ సంగతి మరవకండి. గాలి చాలనివారు పాటను సాగదీస్తారు, వాయిద్యాలు వెనకే వస్తాయి, వాక్యం ఇంకా పొడుగవుతుంది, గాలి ఇంకా చాలదు. పాత వేగం కన్నా ఒక పిసరు ముందుకే నడపండి. ఊపిరి ఎక్కడ తీయాలో పుస్తకంలో పెన్సిలుతో గీత పెట్టుకోండి. గీత మాట మధ్యలో పడకూడదు.

ప్రశ్న: గొంతుకు నీళ్లలో స్ట్రాతో ఊదే సాధన మంచిదంటున్నారు. ఎలా చేయాలి? (పాఠకురాలు, హైదరాబాద్)

సగం నీళ్లున్న సీసా, 5, 6 మిల్లీమీటర్ల వెడల్పున్న మామూలు స్ట్రా తీసుకోండి. కొన నీళ్లలో 2, 3 సెంటీమీటర్లు మునగాలి. పెదాలు బిగించి, స్ట్రాలోకి "ఊ" అని తేలికైన స్వరం పలకండి. గాలి మాత్రమే ఊదితే ప్రయోజనం లేదు, స్వరం ఉండాలి. బుడగలు ఒకే తీరుగా రావాలి. తర్వాత కిందనుంచి పైకి, పైనుంచి కిందికి స్వరాన్ని జార్చండి. చివరగా ఒక పల్లవి బాణీని అలాగే స్ట్రాలో పాడండి. మొత్తం ఐదు నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు.

ముక్కు మూసి చూడండి. స్వరం ఆగిపోతే గాలి ముక్కులోంచి జారుతోందన్నమాట. స్ట్రాను మరీ లోతుగా ముంచితే తోయాల్సి వచ్చి మెడ నరాలు బిగుస్తాయి. నోటి ముందు అడ్డు ఉండటం వల్ల గాలి వెనక్కి కాస్త ఒత్తి, స్వరతంత్రులు గట్టిగా కొట్టుకోకుండా తేలిగ్గా కంపిస్తాయి. సాధన ఫలితం అందుకే.

ప్రశ్న: మూడు రోజుల కూడికల్లో రెండో రోజుకే గొంతు బొంగురుపోతుంది. కరక్కాయ బుగ్గన పెట్టుకుంటున్నాను, ఒకరు ఇంజెక్షన్ చేయించుకోమన్నారు. (పాఠకుడు, ఒంగోలు)

కరక్కాయ నోట్లో నీరూరిస్తుంది, గొంతు తడిగా అనిపిస్తుంది, అంతవరకే. వాపును తీయదు. ఘాటైన మెంథాల్ బిళ్లలు కొందరికి ఇంకా ఎండబెడతాయి.

మీది బహుశా మూడు సంగతుల కలయిక. రాత్రి పదకొండుకు కూడిక ముగిశాక బిర్యానీ తిని పడుకుంటే కడుపులోని ఆమ్లం గొంతుకు ఎగదన్నుతుంది. పాడే రోజుల్లో సాయంత్రం ఆరుకే తినేసి, రాత్రి ఏదైనా తేలిగ్గా తీసుకోండి. తిన్నాక మూడు గంటలైనా నడుము వాల్చకూడదు. రెండోది, మీ గొంతు మీకు వినబడకపోవడం. స్పీకర్లన్నీ జనం వైపు ఉంటే తెలియకుండానే అరుస్తారు. ఒక చిన్న స్పీకరు మీ వైపు తిప్పించుకోండి, మైకు వెనక వైపుకు ఎదురుగా. లేకపోతే కూత పెడుతుంది. మూడోది, పాటల మధ్య మైకులో మాట్లాడటం, ప్రార్థనలో కేకలు. చాలామందికి గొంతు పోయేది పాటలో కాదు, ఇందులోనే.

బొంగురుపోయాక గుసగుసలాడకండి, అదీ శ్రమే. గొంతు సకిలించకుండా ఒక గుక్క నీళ్లు మింగండి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ వాపును దాచి పాడనిస్తుంది, వాచిన తంత్రుల మీద పాడితే లోపల రక్తనాళం చిట్లవచ్చు. గొంతు చూడకుండా ఇచ్చే సూది వద్దే వద్దు. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకుని పాడటమూ అంతే ప్రమాదం. గుండె కోసం డాక్టరు రాసిన ఆస్పిరిన్‌ను మాత్రం సొంతంగా ఆపొద్దు. బీపీకి రామిప్రిల్, ఎనలాప్రిల్ వాడుతూ పొడి దగ్గు వస్తుంటే డాక్టరుకు చెప్పండి, మందు మార్చవచ్చు. ఉబ్బసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చేవారు ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయాలి.

బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరు దగ్గర కెమెరాతో చూపించుకోండి, కొద్ది నిమిషాల పనే. చుట్ట, బీడీ, సిగరెట్ అలవాటున్నవారు, మింగితే నొప్పి, మెడలో గడ్డ, ఉమ్మిలో రక్తం, ఊపిరి ఇబ్బంది ఉన్నవారు ఆ మూడు వారాలు కూడా ఆగకూడదు.

ప్రశ్న: అమ్మకు 74. చెవి మిషను పెట్టుకున్నాక శృతి తప్పుతోంది, కొత్త పళ్ల సెట్టుతో మాట నలుగుతోంది. పాడటం మానేస్తానంటోంది. (పాఠకురాలు, వరంగల్)

మానొద్దని చెప్పండమ్మా. చెవి మిషన్లను మాట వినడానికి సర్దుతారు. చిన్న శబ్దాన్ని పెంచి, పెద్దదాన్ని తొక్కిపెడతాయి. కూత రాకుండా చేసే ఏర్పాటు హార్మోనియమ్ నిడివి స్వరాన్ని కూడా కూతే అనుకుని చెరిపేస్తుంది, అందుకే స్వరం వణికినట్టు వినబడుతుంది. ఆడియాలజిస్టును సంగీతానికి వేరే ప్రోగ్రామ్ పెట్టమని అడగండి. కూత అడ్డుకునే ఏర్పాటు ఆపి లేదా తగ్గించి, శబ్దాన్ని తొక్కిపెట్టడం తగ్గించి ఇస్తారు. వెళ్లేటప్పుడు శృతి పెట్టె తీసుకెళ్లి, అక్కడే పాడించి చూడండి.

పళ్ల సెట్టు పెట్టుకున్నాక ముందు నలిగేవి స, శ, ఫ. రోజూ పావుగంట కీర్తన మాటలను రాగం లేకుండా పైకి చదివించండి, రెండు మూడు వారాల్లో నాలుక సర్దుకుంటుంది. అప్పటికీ ఈల శబ్దం వస్తుంటే, పాడేటప్పుడు పై సెట్టు జారుతుంటే, అది సాధనతో పోయేది కాదు. దంత వైద్యుడు సెట్టునే సరిచేయాలి.